రీలు అయిపోగొట్టే ఫొటోలు

"పెంకలు దించుతున్నం. నీకేమన్న గావాలంటె ఐతారం లోపట వచ్చి చూస్కో" అని చిన్నాయిన ఫోన్ చేశాడు.

నాకేం కావాలి? ఆ ఇంటి దూలాలు వేపవి, సగం పుచ్చిపోయాయి. దర్వాజ ఒక్కటే పనికొచ్చేది. దాన్ని ఎవరో హైదరాబాదు హోటల్ వాళ్లు బేరమాడి పట్టుకుపోయారట. హోటల్ ముందర నిలబెడితే వచ్చినవాళ్లు దాని పక్కన ఫొటోలు దిగుతారట. అయినా శనివారం పొద్దున్నే అమ్మను కార్లో ఎక్కించుకుని బయల్దేరాను. మునుగోడు దాటాక, చండూరు రాకముందు, రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి పోతే మా ఊరు.

మేం చేరేసరికి ఇంటికి నెత్తి లేదు. మీద ఇద్దరు, కింద ఇద్దరు గూన పెంకలు ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటూ దించుతున్నారు. చూరు పొగ, పాత దుమ్ము కలిసి గాలిలో నల్లగా తేలుతున్నాయి. అటువంటి ఇళ్లలో వంటగది ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. ఆ చీకటి గోడ మీద పది గంటల ఎండ నేరుగా పడుతుంటే, పరాయివాళ్లు చూడకూడనిదేదో చూస్తున్నట్టు అనిపించింది. అమ్మ వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూచుని, "గా మూలకు ఉట్టి ఉండె, కొక్కెం ఉన్నదేమో చూడు" అని నాకు పనులు చెప్పింది. కొక్కెం ఉంది. తెచ్చుకున్నాను. ఏం చేసుకోవాలో ఇప్పటికీ తెలీదు.

దర్వాజ పోయింది గానీ, దాని మీద గోడకు వేలాడే పటాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆ పటం మా వైపు వాళ్లకు చెప్పనక్కర లేదు. ఒక పెద్ద అద్దం, చుట్టూ నల్ల చెక్క ఫ్రేము, లోపల చిన్నవీ పెద్దవీ కలిపి ఏడెనిమిది ఫొటోలు. పైన తాడు కట్టి, కింద రెండు మేకుల మీద ఆనించి, గోడ నుంచి ముందుకు వంగేటట్టు పెడతారు, కింద చాప మీద కూచున్నవాళ్లకు కనబడాలని. ఆ వంపు వెనక సందులో పిచ్చుకలు గూడు పెట్టేవి. ఏటా గడ్డిపోచలు రాలి చాపంతా చెత్త అయ్యేది. నాయినమ్మ మాత్రం తియ్యనిచ్చేది కాదు. "పిచ్చుక గూడు పెట్టిన ఇల్లు సల్లగుంటది" అనేది. ఆ పటం దులపడానికి గోడ మీంచి దించిన జ్ఞాపకం నాకైతే లేదు. ముందు వైపు తుడిచేవాళ్లం, అంతే.

దించాను. వెనక గూడు ఇంకా ఉంది, ఎండి గవ్వలా అయిపోయింది. అట్ట చెదలు తినేసింది. మేకులు తుప్పుపట్టి, కారు తాళంచెవితో తోస్తేనే వంగాయి. అట్ట తీస్తే పాత పేపరు, పేపరు తీస్తే ఫొటోలు. కానీ అవి ముందు నుంచి మేం చూస్తూ పెరిగిన ఫొటోలు కావు. వాటి వీపుకు వీపు ఆనించి పెట్టిన వేరే ఫొటోలు. చిన్నవి, చదరంగా ఉన్నవి, అంచుకు తెల్ల గీత ఉన్నవి. లెక్కబెడితే పద్నాలుగు. యాభై ఏళ్లు దర్వాజ మీద మా అందరి నెత్తిన ఉండి, ఒక్కసారీ నా కంట పడనివి.

అద్దం వైపు ఎనిమిదింటి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అందరి ఇళ్లలో ఉండేవే. అమ్మా నాయినల పెళ్లయిన కొత్తల స్టూడియో ఫొటో, వెనక రంగులు వేసిన పరదా మీద మెట్లూ స్తంభాలూ, నాయిన గడియారం కనబడాలని అంగీ చేతి పైకి లాగి పెట్టుకున్న ముంజేయి. చేతికర్ర పట్టుకున్న తాత. అదే తాత చనిపోయినప్పుడు కుర్చీలో కూచోబెట్టి, తలకు రుమాలు కట్టి, దండవేసి తీసిన ఫొటో. దీనికోసం నల్లగొండ నుంచి ఫొటోగ్రాఫరు సైకిల్ మీద వచ్చేదాకా పీనుగను లేపలేదట. చిన్నాయిన పదో తరగతి గ్రూపు ఫొటో. యాదగిరిగుట్టలో నా పుట్టువెంట్రుకలు. కింద దుప్పటి పరిచి బోర్లా పడుకోబెట్టిన ఒక పసిపిల్ల, అది మా అక్క. అక్క వెనక ఇంకో దుప్పటి పరదాగా పట్టుకున్నారు. చిన్నప్పటి నుంచి చూస్తున్నా నాకు కనబడనిది, ఫొటో చేతిలోకి తీసుకుంటే కనబడింది. దుప్పటి రెండు కొసల దగ్గర నాలుగేసి వేళ్లున్నాయి. కుడి వైపు వేళ్లకు గాజుల నీడ. "నేనే" అంది అమ్మ. "గా కొసకు మీ చిన్నాయిన. చేతులు గుంజుతున్నయి జల్ది గానియ్యి అంటె, మా తమ్ముడు ఎండ సరిగ లేదని అర్ధగంట నిలవెట్టిండు."

ఆ తమ్ముడు మా మేనమామ. పద్నాలుగు ఫొటోలూ ఆయన తీసినవే.

వాటిని అరుగు మీద వరసగా పరిచి మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు ఏమీ అనిపించలేదు. ఒక దాంట్లో బర్రె ఉంది, అది కూడా సగమే, తల లేదు. ఒక దాంట్లో గోడ, గోడకు పిడకలు. ఒక దాంట్లో నులక మంచం మీద నోరు తెరిచి నిద్రపోతున్న చిన్నాయిన. ఒక దాంట్లో మంగలి ముందు తల వంచి కూచున్న నాయిన, ముఖమే కనబడదు, సబ్బు నురగ అంటిన మెడ కనబడుతుంది. ఎవరన్నా డబ్బులు పెట్టి ఇవి తీస్తారా? అదే అడిగాను.

"గవి రీలు అయిపోగొట్టేటియి" అంది అమ్మ.

మామ సాగర్ డ్యాం మీద పనిచేసేవాడు. ఇంజనీరేం కాదు. రాళ్ల లారీలు వచ్చినప్పుడల్లా లెక్క రాసుకునే గుమాస్తా. సాగర్ రాతికట్టడపు డ్యాం కదా, ఆ లెక్కకు అంతు లేదు. హిల్ కాలనీలో ఉండేవాడు. జీతం డబ్బుల్లో మిగిల్చి ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ కొన్నాడు. ఆ రోజుల్లో మామూలు జీతగాడు కొనగలిగిన కెమెరా అదే. డబ్బాలాంటిది. దానిలో 120 రీలు పడుతుంది, రీలుకు 12 ఫొటోలు. వీపున గుండ్రంగా ఒక చిన్న ఎర్రద్దం ఉంటుంది. పక్కనున్న బిళ్ల తిప్పుతుంటే, రీలు వెనక కాగితం మీద అచ్చువేసిన అంకెలు ఆ ఎర్రద్దంలో ఒకటొకటిగా వచ్చి ఆగుతాయి. అంకె ఒకటి కనబడితే ఒకటో ఫొటో తియ్యాలి, రెండు కనబడితే రెండోది. తిప్పడం మరిచిపోతే ఒక ఫొటో మీదే ఇంకో ఫొటో పడుతుంది. మా పద్నాలుగింటిలో అట్లాంటిది ఒకటుంది. నాయినమ్మ పొట్టలోంచి మోటబావి గిరక మొలిచినట్టు.

మామ పండుగలకు అక్క ఇంటికి వచ్చేవాడు, దసరాకో సంక్రాంతికో. వచ్చిన రోజు అందరినీ స్నానాలు చేయించి, కొత్త బట్టలు కట్టించి, వాకిట్లో నిలబెట్టి ఏడెనిమిది తీసేవాడు. మిగిలిన నాలుగో అయిదో రీలులోనే ఉండిపోయేవి. రీలు సగంలో తీస్తే పాడైపోతుంది. పూర్తి కాకుండా కడిగించడానికి ఇస్తే డబ్బులు దండగ. అందుకని పోయే రోజు పొద్దున, బస్సుకు టైముందనగా, ఏది కంటబడితే అది కొట్టేసేవాడు. బర్రె, గోడ, మంచం, మంగలి. తర్వాత రీలు మిర్యాలగూడలో కడిగించి, పెద్దవి చేయిస్తే ఖర్చని, రీలు ఎంతుంటే అంత సైజులోనే అచ్చు వేయించి కవరులో పోస్టు చేసేవాడు. ఒక ఫొటో వీపున ఆయన చేతిరాతతో మా ఊరు, తాలూకా, జిల్లా రాసి ఉంది. 1985లో మండలాలు వచ్చేదాకా అంతా తాలూకాలే కదా.

అందుకని మా ఇంటి పండుగలన్నీ అద్దం వైపుకు వచ్చాయి, మామూలు రోజులన్నీ వెనక్కి పోయాయి.

ఇది తెలిశాక ఆ సగం బర్రెను మళ్లీ చూశాను. బర్రె వెనక కొట్టం, కొట్టం గుంజకు వేలాడే ఎక్కబుడ్డి, దాని పక్కన కొడవలి, గొంగడి. నేలమీద మా గోలెం, అంచు పగిలి సిమెంటు పూసింది. ఆ పూత మీద పిల్లకాళ్ల గుర్తు ఒకటి ఉండేదని నాకు బాగా గుర్తు, అది అక్కదా నాదా అని పదేళ్లు కొట్టుకున్నాం. ఈ ఫొటోలో పూత ఉంది, కాలిగుర్తు కూడా ఉంది. ఫొటో వీపున పెన్సిలుతో రాసిన సంవత్సరం 71. నేను పుట్టింది 72లో. అక్కకు అదే నిమిషంలో వాట్సాప్ చేశాను. "యాభై ఏండ్ల సంది చెప్తున్న" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

ఇసుర్రాయి ఫొటో దగ్గర ఎక్కువసేపు ఆగాను. నాయినమ్మ ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి కూచుంది. ఎడమ చేత్తో జొన్నలు పోస్తోంది, కుడి చెయ్యి పిడి మీద. చెయ్యి కదిలింది కాబట్టి అది పొగలాగా పడింది, రాయి చుట్టూ ఒక తెల్లని తోక. పిండి పరుచుకున్న గుడ్డ మా తాత పాత ధోతి, అంచు గుర్తుపట్టాను. నాయినమ్మ రైక తొడుక్కోలేదు, ముఖం అటు తిప్పుకుంది. కెమెరా ఉందని తెలిసే తిప్పుకుందో, పక్కన ఎవరితోనో మాట్లాడుతోందో. ఆమె నీడ పక్కన ఇంకో పొడుగు నీడ పడింది, మోచేతులు రెండూ బయటికి పొడుచుకొచ్చి. అది మామ. ఎండను వీపు వెనక పెట్టుకుని తియ్యాలి కాబట్టి పొద్దుటి ఫొటోలన్నిట్లో ఆయన నీడ వచ్చి పడింది. పద్నాలుగింటిలోనూ మామ ముఖం లేదు, నీడలు మాత్రం అయిదున్నాయి.

లేనివి కూడా చెప్పాలి. వంటింటి ఫొటో ఒక్కటి లేదు. ఆ కెమెరాకు ఎండ కావాలి, మా వంటింట్లో మధ్యాహ్నం కూడా బుడ్డి వెలిగించుకునేవాళ్లు. తపాల చెక్క గిన్నె కింద మంటా, పచ్చిపులుసుకు చింతపండు పిసికే చెయ్యీ, రొట్టె కొట్టే చప్పుడూ ఏవీ దాంట్లో పట్టలేదు. అమ్మ పొద్దంతా ఉన్నది అక్కడే. అందుకే మామూలు రోజుల ఫొటోల్లో అమ్మ లేదు. సొంత తమ్ముడు తీసినా లేదు.

పళ్ల సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

పటంలో మా వాళ్లందరూ మూతి బిగించుకుని ఉంటారు. తాత, నాయినమ్మ, నాయిన, చిన్నాయిన, అత్త. పాతకాలం వాళ్లు ఫొటో అంటే భయపడేవాళ్లనీ, గంభీరంగా ఉండాలనుకునేవాళ్లనీ మనం అంటుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ అదే పటంలో అమ్మ మాత్రం పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతుంది. నాయినమ్మకు ఆ ఫొటో చూసినప్పుడల్లా చిరాకు. "కొత్త కోడలు గట్ల ఇకిలిస్తరా" అనేది. వెనకవైపు ఫొటోలు అందుకు తలకిందులు. వాటిలో నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, నిద్రలోనో, మాటలోనో, నవ్వులోనో. ఆ నలుపు తెలుపు బిళ్లంత ఫొటోల్లో కూడా పళ్ల మీద అడ్డంగా నల్లచారలు తెలుస్తున్నాయి.

గారపండ్లు. మా ఊరి గుర్తు అది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు, ఎటు తిరిగినా అంతే. కింద ఉన్నది గ్రానైటు రాయి, దానిలోంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనీ, ఇంకో దిక్కు లేకుంటే 1.5 దాకా సర్దుకోవచ్చనీ ప్రమాణం. మా బావులు ఆ గీతను ఎన్నడో దాటాయి, తర్వాత వేసిన బోరింగులు ఇంకా లోతు రాయిలోంచి ఇంకా ఎక్కువ తెచ్చాయి. వచ్చే పళ్లు దవడలో తయారవుతున్న వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపల ఆ నీళ్లు తాగితే, ఆ చార ఇక పోదు. పెద్దయ్యాక వచ్చి తాగినవాళ్ల పళ్లకు ఏమీ కాదు. వాళ్ల ఎముకల్లో చేరుతుంది.

అమ్మ పుట్టింది వాడపల్లి పక్కన, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట. ఏటి నీళ్లు తాగి పెరిగింది. అందుకే ఆ నవ్వు. యాభై ఏళ్లు మా నీళ్లు తాగింది. అందుకే ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే నా భుజం కావాలి. "సగం వయసు, సగం నీళ్లు" అన్నాడు డాక్టరు. నాకైతే ముందు పళ్లు ఆరు కట్టించుకున్నవే. నలభై దాటాక కట్టించాను. తళతళలాడుతున్నాయి. అయినా ఎవరన్నా జోకు వేస్తే నా కుడిచెయ్యి దానంతట అదే నోటి మీదికి పోతుంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగుతుంది.

దీని గురించి తెలియనిదేమీ కాదు. డాక్టర్ సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది 1955లో. అదే ఏడు డిసెంబరు 10న నెహ్రూ వచ్చి మా జిల్లాలోనే సాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ఆ నీళ్లు పల్లానికి పోయాయి, మేం మిట్ట మీద ఉన్నాం. మామ లెక్క రాసిన రాళ్లన్నీ కలిసి ఆపిన నీళ్లలోంచి ఒక్క బిందె మా వాకిట్లోకి రాలేదు. ఆయన పండుగకు వచ్చినప్పుడు సాగర్ నుంచి ఒక క్యానులో నీళ్లు మోసుకొచ్చేవాడట, తన అక్క కోసం. నాయినమ్మ అది చూసి, "మా నీళ్లు విషమా?" అని రెండు రోజులు మాట్లాడలేదట. విషమేనని అప్పుడు ఆమెకు ఎవరు చెప్తారు? తర్వాత పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతి ఒకటి నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు కనిపెట్టారు. దాని పేరు నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు అట్లా ప్రపంచానికి ఎక్కింది.

అద్దం వైపు ఎనిమిదిలో ఆఖరుగా చేరిన రంగుల ఫొటో ఒకటుంది. 1996 లోక్‌సభ ఎన్నికలప్పుడు నల్లగొండ కలెక్టరాఫీసు ముందు, మెడలో ఒక్క బంతిపూల దండతో చిన్నాయిన. నీళ్ల కోసం జలసాధన సమితి పిలుపునిస్తే రైతులూ, కాళ్లు వంకరపోయినవాళ్లూ పోయి నామినేషన్లు వేశారు. డిపాజిట్ 500 రూపాయలు. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. ఆ ఏడే డిపాజిట్‌ను పదివేలు చేశారు. చిన్నాయినకు అది తలుచుకుంటే ఇప్పటికీ హుషారు. "దేశమంత మన దిక్కు చూసింది రా" అంటాడు. నీకెన్ని ఓట్లు పడ్డాయంటే మాత్రం మాట మారుస్తాడు. పిన్ని కూడా వెయ్యలేదని మా ఇంట్లో అనుమానం. ఆ ఫొటోలో కూడా ఆయన మూతి బిగించే ఉన్నాడు.

ఇప్పుడు ఇంటింటికీ భగీరథ నల్లా ఉంది. కృష్ణ నీళ్లే. పెంకలు దించే పిల్లగాళ్లు ఆ నల్లాకే నోరు పెట్టి తాగుతున్నారు. వాళ్లలో చిన్నవాడి పళ్లు తెల్లగా ఉన్నాయి. అడిగితే చెప్పాడు, వాళ్లది ఒడిశా అట.

ఇక పద్నాలుగో ఫొటో. అన్నిటికన్నా అడుగున, పేపరుకు అతుక్కుపోయి ఉంది, ఊదుకుంటూ తీశాను. మా అత్త, నాయిన చెల్లెలు. వాకిట్లో వంగి సాన్పు చల్లుతోంది. లంగా ఓణీ, ఓణీ కొస నడుముకు దోపి. ముందర పెండనీళ్ల బొక్కెన, కుడిచెయ్యి మణికట్టు దాకా నీళ్లలో. తల పైకెత్తి ఫక్కున నవ్వుతోంది. మామూలు నవ్వు కాదు, కళ్లు మూసుకుపోయి, మెడ నరాలు తేలి, పైపళ్లూ కిందిపళ్లూ కనబడుతూ. ఆ పళ్ల మీద చారలు కూడా. నాకు తెలిసిన అత్త ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వే మనిషి. ఆమె పళ్లు నేను అంతవరకు సరిగ్గా చూడనే లేదు.

అమ్మ ఆ ఫొటో అందుకుని కళ్లద్దాలు తుడుచుకుని చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గిది మీ నాయినే అడుక్కు పెట్టిండు" అంది. "పెండ్లి గావాల్సిన పిల్ల, పండ్లు తెరుసుకున్న ఫొటో గోడకెందుకు, వచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు చూస్తరు అన్నడు. చింపకపాయె, నయం."

తిరుగు ప్రయాణంలో, కారు మర్రిగూడ దారి పట్టాక, మిగిలింది చెప్పింది. అడగకుండానే.

"మీ నాయిన కుండమార్పు అడిగిండు రా. నన్ను జేస్కున్నడు గద, ఆయన చెల్లెను మా తమ్మునికి జేస్కొమ్మన్నడు. వానికి గూడ ఇష్టమే. మా అమ్మ ఒప్పుకోలే. పిల్ల పని మంతురాలే గని, పండ్లు జూసినవా అన్నది. పుట్టేటోళ్లకు గూడ గట్లనే వస్తయనుకున్నది. నీళ్లతోటి వస్తయని ఎవలకెరుక."

"మామ ఏమనలేదా?"

"ఏమంటడు. అమ్మ మాట. కని గా ఫొటో కడిగించి పంపిచ్చింది వాడే గద."

ఆ తర్వాత నాంపల్లి దాకా కారులో మాటల్లేవు. మామ పోయి పదకొండేళ్లయింది. సాగర్‌కు 26 గేట్లు బిగించేదాకా అక్కడే ఉండి, తర్వాత మిర్యాలగూడలో రైసుమిల్లులో లెక్కలు రాశాడు. ఆ కెమెరా ఏమైందో ఆయన పిల్లలకు తెలియదు.

అత్తను నాంపల్లి దగ్గరి ఊళ్లోనే ఇచ్చారు. అక్కడా అవే నీళ్లు, అక్కడ పెళ్లికొడుకు పళ్లూ అంతే, ఎవరూ ఎవరినీ వంక పెట్టలేదు. ఆమె పెనిమిటి మంచివాడు, నాలుగేళ్ల కింద పోయాడు. మేం పోయేసరికి అత్త మంచం మీద కూచుని కందిపప్పు ఏరుతోంది. ఇప్పుడు ఆమె మెడ తిరగదు. మనల్ని చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. అట్లా తిరిగి, "వదినే, గింత ఎండల వచ్చినవేంది" అని అమ్మను పక్కన కూచోబెట్టుకుంది. నన్ను, "అల్లుడా, బొర్ర పెరిగింది" అంది.

ఫొటో చేతికిచ్చాను. దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. ముందు బొక్కెనను గుర్తుపట్టింది. "గీ బొక్కెన అడుగు ఊడిపోతె మా నాయిన నల్లగొండ ప్రకాశంబజార్ల మాటు ఏపిచ్చుకొచ్చిండు." తర్వాత ఓణీని. తనను తాను గుర్తుపట్టినట్టు ఏమీ అనలేదు.

ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని నేనే అన్నాను, "చేతులకు పెండ ఉండె గదా అత్తా, అందుకే నోటికి అడ్డం పెట్టుకోలేకపోయినవు."

"పెండుంటేంది?" అంది అత్త. "మోచెయ్యి లేదా? గీ భుజానికి మూతి ఆనిస్తె కనవడ్తదా? పొద్దటిసంది గట్లనే మూస్తున్న. బావ డబ్బ పట్టుకొని ఎనకెనక తిరిగిండు. తియ్యకు బావా, నీకు దండం పెడ్త అన్న. అయిపోయింది, ఇగ లేదు అన్నడు. నేను నమ్మలె. డబ్బ ఇటియ్యమని తిప్పి చూసిన. ఎర్రద్దంల పన్నెండు అంకె ఉన్నది, నా కండ్లతోటి చూసిన. రీలుకు పన్నెండే అని ఆయనే జెప్పిండు అంతకుముందు. అయినయి గద అనుకున్న."

అమ్మ ఫొటోకేసి చూడటం లేదు. చాటలో కందిపప్పు రాళ్లు ఏరుతోంది, రాయి కానివి కూడా తీసి పక్కన పెడుతోంది.

"ఏమన్నడు మరి, గంత నవ్వినవు?" అని అడిగాను.

"గది మతికి లేదు" అంది అత్త. ఫొటోను రైకలో దోపుకుంది, నాకు తిరిగి ఇవ్వలేదు. చాట తన దిక్కు జరుపుకుంటూ, ఎవరితోనూ కాకుండా మళ్లీ అంది, "పన్నెండు నేనే చూసిన."